ఇనుపగొట్టము చెప్పిన రహస్యము : రసాయనికుడు ఇపాతియెవ్ జీవితము

తెలుగునాట ఇత్తడిబిందెకును, గోనెసంచికిని కాలము చెల్లి చాల నాళ్లయినది. పాలు పలుచని పాలిథీన్ పొట్లములలో ఇంటికి వచ్చుచున్నవి. ఎరువుల బస్తా పాలిప్రొపిలీన్ పోగులతో నేసినది. పెండ్లిపందిళ్లలో వరుసగా వేయు కుర్చీలు కూడ ఆ పదార్థముతో చేసినవే. వీనికి మూలము కంటికి కనబడని రెండు వాయువులు: ఎథిలీన్, ప్రొపిలీన్. బ్యూటిలీన్లను కూడ కలిపి రసాయనశాస్త్రజ్ఞులు వీనిని తేలిక ఒలిఫిన్లు అని వ్యవహరింతురు. ఇంటర్మీడియట్ విద్యార్థి వీని సూత్రములను కంఠస్థము చేయును. అధ్యాపకుడు నల్లబల్లపై రెండు కర్బనములమధ్య రెండు గీతలు గీచి చూపును. కాని ఆ వాయువులను ఎట్టి పాత్రలో, ఎంత వేడిలో, దేని సన్నిధిలో పుట్టింపవలెను, పుట్టినవానిని ఎట్లు పనికి వినియోగింపవలెను అను విద్యకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడైన వ్లదీమిర్ నికొలాయెవిచ్ ఇపాతియెవ్ పేరు మన పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడును. ఆయన జీవితము శాస్త్రమునకు ఎంత ముఖ్యమో, ఆయన కాలపు చరిత్రకును అంత ముఖ్యము.

ఒలిఫిన్ అను పేరు వచ్చిన విధము మొదట చెప్పవలసి యున్నది. పదునెనిమిదవ శతాబ్ది చివర హాలెండు దేశపు రసాయనికులు ఆల్కహాలును గంధకామ్లముతో కాచి ఎథిలీన్ వాయువును సంపాదించిరి. దానిని క్లోరిన్‌తో కలుపగా నూనెవంటి ద్రవము ఏర్పడెను. అందుచేత దానికి నూనెను పుట్టించు వాయువని అర్థమిచ్చు పేరు పెట్టబడెను. ఆ పేరే తరువాత వంశము మొత్తమునకు ఒలిఫిన్లు అని మిగిలినది. జంటబంధముగల ఈ అణువులు సదా చేయిచాచి యుండును. క్లోరిన్ దొరికిన క్లోరిన్‌ను, ఉదజని దొరికిన ఉదజనిని, ఏదియు దొరకనిచో తమ జాతి అణువునే పట్టుకొనును. వీని ప్రయోజకత్వమంతయు ఈ గుణములోనే యున్నది. చిక్కు కూడ ఇందులోనే యున్నది. వేడిపాత్రలో క్షణకాలము ఎక్కువ ఉంచినచో అవి తమలో తాము కలిసి, విరిగి, చివరకు మసియై పోవును.

ఇపాతియెవ్ 1867 నవంబరు 21వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి భవనశిల్పి. బాల్యమునుండి సైనికవిద్యాలయములలో చదివి, సెంటుపీటర్సుబర్గులోని మిఖాయిలోవ్ ఫిరంగిదళ పాఠశాలనుండి 1887లో అధికారియై వెలువడెను. ఆ కాలపు రష్యాలో రసాయనశాస్త్రము నేర్వగోరు యువకునకు విశ్వవిద్యాలయ మొకటే దారి కాదు. ఫిరంగికి మందుగుండు కావలెను, మందుగుండునకు రసాయనము కావలెను. కనుక సైన్యములో ఆ శాస్త్రమునకు మంచి పీట ఉండెను. మెండెలీవ్ రచించిన రసాయనశాస్త్ర గ్రంథమును యువకుడైన ఇపాతియెవ్ తనంతట తానే చదువుకొని, జీతపు డబ్బుతో చిన్న ప్రయోగశాలను అమర్చుకొనెను. 1889లో ఫిరంగిదళ అకాడమీలో ప్రవేశించి, 1892లో పట్టభద్రుడై అక్కడనే బోధకుడయ్యెను. ఆ యేడే వర్వారాను వివాహమాడెను. ఆమె అరువది యేండ్లు ఆయన వెంట నడిచినది.

అకాడమీలో ఆయనకు సేంద్రియరసాయనము నేర్పుటకు సమర్థులు లేకపోయిరి. విశ్వవిద్యాలయములోని ఫవోర్స్కీని ఆశ్రయించి పరిశోధనపద్ధతి నేర్చుకొనెను. పిమ్మట జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు పోయి, ఆ కాలపు మహాచార్యుడైన బేయర్ ప్రయోగశాలలో పనిచేసెను. 1897లో అక్కడ ఐసొప్రీన్ అను పదార్థముయొక్క నిర్మాణమును నిర్ణయించి, దానిని కృత్రిమముగ తయారుచేసెను. చెట్టుపాలనుండి వచ్చు రబ్బరునకు ఈ ఐసొప్రీన్ మూలఘటకము. రెండు జంటబంధములు గలది. పిదప పారిసు నగరమున పేలుడు పదార్థములను గూర్చి కొంతకాలము అధ్యయనము చేసి స్వదేశమునకు మరలి, 1899లో ఆచార్యపదవి నందెను.

ఆయనను శాస్త్రచరిత్రలో నిలిపిన ప్రయోగము ఆ తరువాతి రెండు మూడేండ్లలో జరిగినది. పైకి చూచుటకది మిక్కిలి సామాన్యము. ఒక గొట్టమును కొలిమిలో అయిదారువందల డిగ్రీలవరకు కాచి, దానిగుండ ఆల్కహాలు ఆవిరిని పంపి, రెండవ కొననుండి ఏమి వచ్చునో చూచుట. వేడిచేత ఆల్కహాలు తునకలై, నానావిధ పదార్థముల కలగాపులగమగునని అప్పటి రసాయనికుల నమ్మకము. వేడి ఒక గుడ్డిశక్తి, అది దేనినైనను అడ్డదిడ్డముగ విరుచును, కనుక అట్టి ప్రయోగములవలన నేర్వదగిన దేమియు లేదని పెద్దలు అనుకొనుచుండిరి.

ఇపాతియెవ్ ఇనుపగొట్టము వాడెను. వచ్చినది కలగాపులగము కాదు. ఆల్కహాలు తన ఉదజనిని విడిచి ఆల్డిహైడుగా మారి, చక్కని మోతాదులో వెలువడెను. ఇంత క్రమమైన ఫలితము గుడ్డివేడివలన రాదు. ఆయన గాజుగొట్టమును తెచ్చి అదే ప్రయోగమును చేసెను. ఆ వేడికి ఆల్కహాలు దాదాపు చెక్కుచెదరక వచ్చెను. గాజుగొట్టములో ఇనుపముక్కలను వేసి చూడగా మరల ఆల్డిహైడు వచ్చెను. కనుక మార్పునకు కారణము వేడి మాత్రమే కాదు, ఇనుము. అందరును సాక్షిమాత్రమని తలచిన గొట్టపుగోడ ఆ రసాయనక్రియలో భాగస్వామి. తెలుగున పాత్ర అను మాటకు గిన్నె అనియు, నాటకములో వేషమనియు రెండర్థములు కలవు. ఈ ప్రయోగములో ఆ రెండర్థములును ఒకటియైనవి.

అంతటితో ఆయన ఆగలేదు. మూసలు చేయు గ్రాఫైటుతో చేసిన గొట్టమును పరీక్షించెను. ఈసారి ఆల్కహాలునుండి ఉదజని పోలేదు, నీరు పోయెను, మిగిలినది ఎథిలీన్. గ్రాఫైటు అనగా కర్బనమే. కర్బనమునకు ఈ శక్తి ఎట్లు వచ్చెను? శుద్ధమైన గ్రాఫైటును తీసికొని చూడగా ఆ శక్తి లేదు. మూసలు గట్టిపడుటకై కుమ్మరులవలె అందులో బంకమట్టిని కలుపుదురు. ఆ మట్టిలోని అల్యూమినా ఈ పని చేసినదని ఆయన కనుగొనెను. అంతట శుద్ధమైన అల్యూమినానే గొట్టములో నింపి, నాలుగువందల డిగ్రీలకు లోపలనే ఎథిలీన్‌ను ధారగా సంపాదించెను. ఒకే ఆల్కహాలు, ఇంచుమించు ఒకే విధమైన వేడి. ఇనుము తాకినచో ఒక త్రోవ, మట్టి తాకినచో వేరొక త్రోవ. ఏ త్రోవను పట్టింపవలెనో నిర్ణయించు అధికారము ఇక రసాయనికుని చేతికి వచ్చినది. ఉత్ప్రేరకముచేత జరుగు నిర్జలీకరణమునకు, అనగా నీటిని తొలగించు క్రియకు, శాస్త్రీయమైన ఆధారము ఇక్కడ ఏర్పడెను.

ఈ క్రియ నేటికిని మూలబడలేదు. బ్రెజిల్ దేశపు త్రియుంఫు పట్టణమున చెరకు ఆల్కహాలునుండి ఏటా 2 లక్షల టన్నుల ఎథిలీన్ తయారుచేయు కర్మాగారము 2010లో ప్రారంభమయ్యెను. మన దేశములో కాశీపురమున కూడ ఆల్కహాలునుండి ఎథిలీన్ తయారగుచున్నది. లెక్క సులభము: 46 కిలోల ఆల్కహాలునుండి 18 కిలోల నీరు తీసివేసినచో 28 కిలోల ఎథిలీన్ మిగులును. కాగితముమీద ఇంతే. కర్మాగారములో మాత్రము ఈ క్రియ వేడిని మింగును. అల్యూమినా పొరలోనికి వేడిగా ప్రవేశించిన ఆవిరి ముందుకు సాగినకొలది చల్లబడును. చల్లబడినచో ఎథిలీన్‌కు బదులు ఈథరు పెరుగును; ముందుగనే మితిమీరి కాచినచో ఎథిలీన్ పాడై మసి ఏర్పడును. అందుచేత రియాక్టరును ఒకే పెద్దపాత్రగా కట్టక, కొన్ని పొరలుగా విభజించి, పొరకును పొరకును నడుమ మరల వేడిచేయుట, నీటియావిరిని కలిపి వేడిని మోయించుట మొదలగు ఉపాయములు ఏర్పడినవి. పొరలో ప్రతి జానెడు దూరమునను వేడి యెంత, ఎథిలీన్ యెంత, ఈథరు యెంత అని ఇంజనీర్లు నేడు కంప్యూటరుమీద ముందుగా నడిపించి చూచుకొందురు. ఆ గణితములన్నింటికి అడుగున ఉన్నది గొట్టములో ఏమి నింపితిమి అను పాత ప్రశ్నయే.

అంతకంటె విచిత్రమొకటి కలదు. నేడు ప్రపంచములోని ఎథిలీన్‌లో అత్యధికభాగము ఆల్కహాలునుండి కాక, నాఫ్తానుగాని ఈథేను వాయువునుగాని నీటియావిరితో కలిపి, 850 డిగ్రీల ప్రాంతమున పగులగొట్టుటవలన వచ్చుచున్నది. ఆ కొలిమిగొట్టములలో ఉత్ప్రేరకము ఏదియు ఉండదు. వాయువు వానిలో నిలుచు కాలము ఒక్క సెకండుకు లోపు. ఉత్తగొట్టమే గదా అని ఊరకుండ వీలు లేదు. గొట్టపు లోహములోని ఇనుము, నికెలు వాయువునుండి కర్బనమును లాగి గోడపై దారములవలె పేర్చును. మసి పేరుకొనినకొలది గొట్టము ఇరుకై, వేడి లోపలికి చొరక, కొంతకాలమునకు కొలిమిని ఆపి మసిని కాల్చివేయవలసి వచ్చును. గోడ నోరు కట్టుటకు గంధకపు సమ్మేళనములను కొద్దికొద్దిగా పంపుదురు. 1901 ప్రాంతమున ఇపాతియెవ్ ఇనుపగొట్టములో చూచిన నిజమునే నేటి కర్మాగారములు ఈ విధముగ ప్రతిదినము ఎదుర్కొనుచున్నవి.

ఆల్కహాలుమీది ప్రయోగములలోనే అల్యూమినియపు పొడిని వాడినపుడు బ్యూటడయీను స్వల్పముగ వచ్చినట్లు ఆయన గమనించెను. మోతాదు చాలనందున అది అప్పటికి కుతూహలమునకే పరిమితమయ్యెను. తరువాత లెబెదెవ్ అను మరియొక రష్యను రసాయనికుడు మిశ్రమ ఉత్ప్రేరకములతో ఆ మార్గమును అభివృద్ధిచేయగా, 1932లో యరొస్లావ్‌లో ఆల్కహాలునుండి కృత్రిమరబ్బరు చేయు కర్మాగారము వెలసెను.

ఫిరంగులవానికి పీడనమనిన భయముండదు. కాల్పువేళ ఫిరంగిగొట్టములో ఎంత పీడనము పుట్టునో, దానికి ఎట్టి ఉక్కు నిలుచునో ఇపాతియెవ్ విద్యార్థిదశలోనే ఎరుగును. 1904 ప్రాంతమున ఆయన మందమైన ఉక్కుతో ఒక పాత్రను చేయించి, మెత్తని రాగికట్టును మూతక్రింద బిగించి, వందల రెట్ల వాతావరణపీడనములో రసాయనక్రియలను నడపెను. అంతవరకు గాజుగొట్టములను కరగించి మూసి, పగులునేమోయని భయపడుచు చేసిన పని ఇప్పుడు ఉక్కుపాత్రలో నిర్భయముగా సాగెను. రసాయనికులు ఆ పాత్రకు ఇపాతియెవ్ బాంబు అని పేరుపెట్టిరి. దానితో ఆయన తన తొలి ప్రయోగమును తిరుగవేసెను. ఇనుము ఆల్కహాలునుండి ఉదజనిని లాగినది గదా. ఉదజనిని పీడనముతో త్రోసినచో ఆల్డిహైడు మరల ఆల్కహాలగును. ఉత్ప్రేరకము రెండువైపులకును తలుపు తీయును. ఎటు పోవలెనో నిర్ణయించునవి వేడియు పీడనమును. ఎథిలీన్‌ను ఆ పాత్రలో బంధించి వేడిచేయగా అది తనలో తాను కలిసి ద్రవతైలమగుటను కూడ ఆయన పరిశీలించెను. నికెలు ఉత్ప్రేరకముతో ఉదజనీకరణము చేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సబాతియేకు 1912లో నోబెల్ బహుమతి వచ్చెను. అధికపీడనములో ఆ పనినే విస్తరించిన ఇపాతియెవ్‌కు అది రాలేదు. అది న్యాయమా యని ఆలోచించువారికి అవకాశము కలదు.

1914లో యుద్ధము వచ్చినది. పేలుడు పదార్థములకు కావలసిన టొలువీన్, బెంజీన్‌లకు రష్యా విదేశములమీద, ముఖ్యముగ జర్మనీమీద ఆధారపడి యుండెను. శత్రువునొద్ద సరకు కొనుట సాధ్యము కాదు గదా! దొనెత్స్ బొగ్గుగనుల ప్రాంతమున కోకుబట్టీలనుండి వెలువడు వాయువులలో ఆ ద్రవ్యములున్నవని, వానిని కొద్ది నెలలలోనే రాబట్టవచ్చునని ఇపాతియెవ్ వాదించి, అట్లే చేసి చూపెను. లెఫ్టినెంట్ జనరల్ హోదాలో దేశపు రసాయన పరిశ్రమనంతను యుద్ధమునకై సమకూర్చు సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1916లో రష్యన్ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా స్వీకరించెను. ఈ యుద్ధమే ఆయన పెద్దకుమారుడు ద్మీత్రీని బలిగొనెను.

1917లో జారు ప్రభుత్వము కూలెను. మరుసటి యేట జారు కుటుంబమును నిర్బంధించి, జులైలో కాల్చిచంపిన యెకతెరీన్‌బుర్గులోని ఇల్లు ఇంజనీరు నికొలాయ్ ఇపాతియెవ్‌ది. అతడు ఈ రసాయనికుని సోదరుడు. చరిత్ర ఆ వంశనామమును ఆ ఇంటితో ఎక్కువగా జ్ఞాపకముంచుకొన్నది.

జనరల్ ఇపాతియెవ్ కమ్యూనిస్టు కాడు. దైవభక్తిగల సనాతన క్రైస్తవుడు, పాతకాలపు క్రమశిక్షణగల సైనికుడు. ఆయనవంటివారు వేలమంది విదేశములకు పోయిరి. కుమారులలో నికొలాయ్ శ్వేతసైన్యములో చేరి, దేశమువిడిచి, కడకు ఆఫ్రికాలో మరణించెను. తండ్రి మాత్రము కదలలేదు. ప్రభుత్వములు మారినను దేశమునకు రసాయనము కావలెనని ఆయన తలంపు. లెనిన్ ప్రభుత్వము ఆయన విలువను గుర్తించి, 1921లో రసాయన పరిశ్రమ నిర్వహణమును ఆయన చేత నుంచెను. పార్టీసభ్యుడు కాని పాత జనరల్ సోవియట్ రసాయన పరిశ్రమకు పెద్దయై, శిథిలమైన కర్మాగారములను నిలబెట్టెను. 1927లో లెనిన్ బహుమతి వచ్చెను. అదే కాలమున జర్మనీలోని ఒక సంస్థలో సంవత్సరమున కొంతకాలము పనిచేయుటకు ప్రభుత్వము అనుమతించెను. 1929లో లెనిన్‌గ్రాడులో అధికపీడన పరిశోధనాలయము ఆయన కృషివలన ఏర్పడెను.

ఇంతలో గాలి మారినది. 1928లో షాఖ్తీ గనుల ఇంజనీర్లపై విద్రోహులని విచారణ జరిగెను. తరువాత ఒకరివెనుక ఒకరుగా పాత విద్యావంతులు నిర్బంధింపబడసాగిరి. ఇపాతియెవ్ శిష్యులలో, సహోద్యోగులలో కొందరు అట్లే పోయిరి. జారుకాలపు జనరల్, తరచు విదేశములకు పోవువాడు, ట్రాట్‌స్కీతో కలిసి పనిచేసినవాడు. తన వంతు రాకుండునని ఆయన ఎట్లు నమ్మగలడు?

1930 జూన్‌లో బెర్లినులో ప్రపంచ విద్యుచ్ఛక్తి మహాసభ జరిగెను. దానికి ప్రతినిధిగా పోవుటకు ఆయనకు అనుమతి లభించెను. భార్యను వెంట తీసికొనిపోవుటకును వీలు కలిగెను. కుమారుడు వ్లదీమిర్, కుమార్తె ఆన్నా లెనిన్‌గ్రాడులో ఉండిపోయిరి. రైలు సరిహద్దు దాటినపిమ్మట ఆయన భార్యతో తాము తిరిగిరాబోమని చెప్పెను. అంతవరకు ఆమెకు కూడ తెలియదు. ఆయనకు అప్పటికి 62 ఏండ్లు. గొంతులో వ్యాధి, చేతిలో కొలదిపాటి సామాను, ఇంగ్లీషు దాదాపు రాదు.

అమెరికాలోని షికాగోలో యూనివర్సల్ ఆయిల్ ప్రాడక్ట్స్ అను సంస్థ పెట్రోలియం శుద్ధిపద్ధతులను పరిశోధించి, వాని హక్కులను చమురు కంపెనీలకు విక్రయించుచుండెను. ఆ సంస్థ ఆయనను ఆహ్వానించెను. గొంతునకు శస్త్రచికిత్స చేయించుకొని ఆయన పనిలో ప్రవేశించెను. సమీపమున ఇవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయములో 1931నుండి ఆచార్యుడు కూడ అయ్యెను. సామాన్యముగ శాస్త్రజ్ఞులు పనిముట్లను సర్దుకొని విశ్రమించు వయస్సులో ఆయన రెండవ శాస్త్రజీవితము మొదలుపెట్టెను.

చమురు శుద్ధికర్మాగారములలో అప్పుడొక సమస్య ఉండెను. మోటారుబండ్లు పెరిగి పెట్రోలు చాలక, బరువైన నూనెలను అధిక ఉష్ణోగ్రతలో పగులగొట్టి పెట్రోలు చేయుచుండిరి. క్రాకింగు అనబడు ఈ భంజనక్రియలో పెట్రోలుతోపాటు చాల వాయువు పుట్టును. అందులో ప్రొపిలీన్, బ్యూటిలీన్ సమృద్ధిగా ఉండును. వానిని ఏమి చేయవలెనో తెలియక కొలిమిలో వంటచెరకువలె మండించుచుండిరి. జీవితమంతయు ఒలిఫిన్ల స్వభావమును పరిశీలించిన ఇపాతియెవ్‌కు అది ధాన్యమును పొయ్యిలో వేసినట్లు తోచి యుండవలెను.

ఈ చిన్న అణువులను రెండేసి మూడేసిగా కలిపినచో పెట్రోలు పరిమాణముగల అణువులగును. కలుపుటకు ఆమ్లము కావలెను. గంధకామ్లము ఆ పనిచేయునుగాని పాత్రలను తినివేయును, నూనెను చెడగొట్టును. ఆయన ఫాస్ఫారిక్ ఆమ్లమును ఎన్నుకొనెను. అది ద్రవముగ నుండినచో పెద్ద రియాక్టరులో అదుపుచేయుట కష్టము. కీసెల్‌గూర్ అను తేలికయైన, రంధ్రములుగల మట్టిలో దానిని ఇంకించి, కాల్చి, గట్టి గుళికలుగా చేసెను. గుళికలను నిలువుపాత్రలో నింపి, పీడనముతో వాయువును పంపినచో, 200 డిగ్రీల ప్రాంతమున క్రిందినుండి పెట్రోలు వెలువడును. ఎథిలీన్ పుట్టించినపుడు వేడిని మింగిన క్రియకు ఇది ప్రతిగా వేడిని కక్కును. కనుక ఇక్కడ రియాక్టరు కట్టువాని చింత వేడిచేయుట కాదు, చల్లబరచుట. ఈ పద్ధతి 1935లో వ్యాపారరంగమున ప్రవేశించెను. మంటలో పోవుచుండిన వాయువు, ఇంజనును కొట్టుకొననీయని మేలైన పెట్రోలుగా మారెను.

పారఫిన్ అను పేరునకు లాటిన్ భాషలో బంధుత్వము తక్కువైనది అని అర్థము. ఒలిఫిన్లకు ఎంత చొరవయో వీనికంత బద్ధకము. ఇవి సామాన్యముగ దేనితోను కలియవని పండితుల తీర్పు. ఇపాతియెవ్ ఆ తీర్పును అంగీకరింపలేదు. పోలెండునుండి వచ్చిన యువశాస్త్రజ్ఞుడు హెర్మన్ పైన్స్ సహాయముతో 1932లో పారఫిన్లను ఒలిఫిన్లతో అల్యూమినియం క్లోరైడు సమక్షమున, పెద్దవేడి లేకుండనే కలిపి చూపెను. ఇదే ఆల్కిలేషన్. తరువాత ఇతరులు కూడ గంధకామ్లముతోను, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతోను దీనిని పెద్దఎత్తున నడపిరి. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల విమానములు వాడిన నూరు ఆక్టేను పెట్రోలులో ఇట్టి పద్ధతులవలన వచ్చిన ద్రవ్యములకు ప్రధానస్థానము ఉండెను. బెంజీన్‌ను ప్రొపిలీన్‌తో కలిపి క్యూమీన్ చేయుటకు ఆయన ఫాస్ఫారిక్ గుళికలే వాడబడెను. యుద్ధమున విమానములకు పోసిన ఆ క్యూమీన్, తరువాత ఫినాల్ తయారీకి ముడిసరకయ్యెను.

సోవియట్ ప్రభుత్వము ఆయనను మరచిపోలేదు. కొన్నాళ్లవరకు ఆయన చికిత్సకు సెలవుమీద పోయినట్లే లెక్క. తిరిగి రమ్మని లేఖలు వచ్చెను. ఒప్పందములు పూర్తికావలసి యున్నవని ఆయన బదులు చెప్పుచు వచ్చెను. 1936 డిసెంబరు 29వ తేదీన విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యత్వమునుండి తొలగించెను. విదేశమున ఉండిపోయిన మరియొక గొప్ప రసాయనికుడు చిచిబాబిన్‌ను కూడ అదేదినమున తొలగించిరి. కొలదిదినములకు, 1937 జనవరిలో, పౌరసత్వము రద్దయ్యెను.

కుమారుడు వ్లదీమిర్ కూడ రసాయనికుడే. తండ్రి అడుగుజాడలలో నడిచినవాడు. ఆ సందర్భమున అతడు బహిరంగముగా తండ్రిని ఖండించెను. దేశమున ఎవరిని ఎప్పుడు తీసికొనిపోవుదురో తెలియని కాలమది. దేశద్రోహి యని ముద్రపడినవాని కుమారునకు మాటలాడుటయు ప్రమాదమే, ఊరకుండుటయు ప్రమాదమే. అతనిని తప్పుపట్టుట ఎంత సులభమో, అతని స్థానములో నిలిచి ఆలోచించుట అంత కష్టము. రైలులో సరిహద్దు దాటిన తండ్రికి ఈ ఫలితము ముందుగా తోచకపోలేదు, తోచియు దాటెను. ఇద్దరు కుమారులను పోగొట్టుకొనిన ఆ దంపతులకు మూడవవాడు బ్రతికియుండియు దూరమయ్యెను.

అమెరికాలో గౌరవమునకు లోటు లేకపోయెను. 1939లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను; 1940లో విల్లర్డ్ గిబ్స్ పతకము వచ్చెను. రెండువందలకు పైగా పేటెంట్లు ఆయన పేర వెలసినవి. నార్త్‌వెస్టర్న్‌లో ఆయన పేర అధికపీడన, ఉత్ప్రేరక ప్రయోగశాల ఏర్పడెను. దానికి ఆయన స్వయముగ ద్రవ్యసహాయము చేసెను. అక్కడ ఆయనయొద్ద పరిశోధించిన వ్లదీమిర్ హేన్సెల్ ప్లాటినము ఉత్ప్రేరకముతో నాఫ్తాను సంస్కరించు ప్లాట్‌ఫార్మింగ్ పద్ధతిని కనుగొనగా, అది 1949లో వాడుకలోనికి వచ్చెను. గురువు దానిని కన్నులార చూచెను. 1946లో ఆయన ఆత్మకథ ఇంగ్లీషున వెలువడెను. దాని పేరు ఒక రసాయనికుని జీవితము అనునంత సాదాగా ఉన్నది.

అయినను ఆయన అమెరికాలో ఇల్లు కట్టుకొనలేదు. హోటలు గదులలోనే ఆ దంపతులు కాలము గడపిరి. ఆదాయము లేక కాదు. మరల పోదుమను ఆశ ఉన్నవాడు పునాది త్రవ్వడు. హిట్లరు సేనలు రష్యామీద పడిన యుద్ధకాలమున, వయోభారముతో నున్న ఆయన తన దేశమునకు పోవ అనుమతి కోరెను. అనుమతి రాలేదు.

1952 నవంబరు 29వ తేదీన, 85 ఏండ్ల వయస్సున, ఆయన షికాగోలో మరణించెను. చివరిదినములవరకు ప్రయోగశాలకు పోవుట మానలేదు. కొలదిదినములకే వర్వారా కూడ మరణించెను. ఆయనను తొలగించిన విజ్ఞాన అకాడమీ 1990లో ఆ తీర్మానమును రద్దుచేసి, సభ్యత్వమును పునరుద్ధరించెను. అప్పటికి ఆయన పోయి 38 సంవత్సరములు.